నీవేమి చూపాలనుకున్నావు?



ఈ నెల మీతో ఫోటోల సంగతి మాట్లాడాలని ఉంది. "అయ్యగారికి ఫోటోలతో ఏం పని?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అట్లే అనుకున్నాను. కాని ఒక ఫోటో ముందు నిలబడి నేను ఆడిన ఒక్క మాట మా సంఘములో ఒక పిల్లవాణ్ణి మూడు వారాలు గుడికి దూరం చేసింది. అది దాచుకోకుండా మీకు చెప్పడమే మంచిది. ఇలాంటి మాట మీ ఇంట్లో కూడా దొర్లి ఉండవచ్చు.

మా ఐరాల ప్రాంతం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చెరకు, మామిడి, వేరుశనగ మా పంటలు. చలికాలం వస్తే బెల్లం గానుగలు ఆడుతాయి. పాకం వాసన రోడ్డు మీదికి వస్తుంది. అటువంటి రోజుల్లోనే మా సంఘములో కోతపండుగ జరిగింది. ఈసారి యౌవనస్థులు కొత్తగా ఒక పని తలపెట్టారు. తమ ఫోన్లతో, ఒకరిద్దరు కెమెరాలతో, ఊళ్లోని కష్టాన్ని, పంటను ఫోటోలు తీశారు. వాటిని చిత్తూరులో కడిగించి తెచ్చి, మందిరం వరండాలో దండెం కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశారు. ఇరవై ముప్పై ఫోటోలు ఉంటాయి. ఆరాధన అయినాక పెద్దలు, స్త్రీలు, పిల్లలు అందరూ గుంపుగా చూస్తూ నిలబడ్డారు.

నేనూ చూస్తూ వచ్చాను. ఒక ఫోటోలో ఒకామె బెల్లం ఉండలు కడుతోంది. ముక్కు దగ్గర నుంచి పైభాగం లేదు. సగం నోరు, గడ్డం, మెడ, రెండు చేతులు, అంతే. నేను నవ్వుతూ, నలుగురికీ వినపడేటట్టు, "ఇదెవరు తీసింది? మనిషి తలకాయ ఎక్కడ పెట్టినావు నాయనా, గానుగలో వేసినావా?" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. నేను తమాషాకే అన్నాను. ఎవరి మనసూ నొప్పించాలని కాదు. కాని ఆ నవ్వు ఆగేలోగా ఒక అబ్బాయి వచ్చి క్లిప్పు తీసి, ఫోటో జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. ఇంటర్మీడియట్ చదువుతున్నవాడు. మాటలు తక్కువ.

తరువాతి ఆదివారం రాలేదు. దాని తరువాతి ఆదివారమూ రాలేదు. మూడో వారం వాళ్ల అమ్మ ఆరాధన అయినాక నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వాడు ఫోను తీసి ఫోటో పట్టడం మానేసినాడు. ఆ పొద్దు మీరు నవ్వింది నా ఫోటో చూసే" అని చెప్పింది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

ఆ సాయంకాలమే వాళ్ల ఇంటికి పోయాను. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని మొదట క్షమాపణ అడిగాను. తరువాత, వరండాలో నేను అడగవలసిన మాట అప్పుడు అడిగాను. "నాయనా, ఆ ఫోటోలో నీవేమి చూపాలనుకున్నావు?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు, "మా అమ్మ మొకం ఊరందరికీ తెలుసు అయ్యగారూ. చేతులు ఎవరు చూసినారు?" అన్నాడు.

ఫోటో తెమ్మన్నాను. ఈసారి చూశాను. వేడి పాకం తగిలి బొబ్బలెక్కి మానిన వేళ్లు, పగిలిన అరచేతులు. ఆ ఉదయం వందమంది ఎదుట నేను నవ్విన ఫోటోలో ఉన్నది అది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ ఫోటోలో లోపం లేదని నేను అనను. లోపం ఉంది. చేతులే చూపాలనుకున్నవాడు సగం ముఖాన్ని లోపల ఉంచాడు. అందుచేత చూసేవాడికి అది కావాలని చేసినట్టు కాక, పొరపాటున తల తెగినట్టు కనపడింది. ఇంకా దగ్గరకు పోయి, భుజాల కిందికే ఉంచి తీసి ఉంటే ఎవరికీ సందేహం వచ్చేది కాదు. ఒక మూలలో తెల్లని గోతం కూడా ఉంది. కన్ను మొదట దాని మీదికే పోతుంది. ఈ రెండు మాటలూ వాడికి పనికివచ్చే మాటలు. కాని నేను వరండాలో చెప్పింది ఈ రెండూ కాదు. నాలో కలిగిన తికమకను వాడి తెలివితక్కువతనంగా లెక్కకట్టి చెప్పాను. తప్పు నా కంటిలో లేదు, నా నోటిలో ఉంది.

ఆ రోజు నుంచి ఈ విషయం గురించి కొంచెం చదివాను, తెలిసినవారిని అడిగాను. జీతం కోసం కాక ఇష్టం కోసం ఫోటోలు తీసేవారు ఒకచోట చేరి, ఒకరి పని ఒకరు చూసి మంచిచెడ్డలు చెప్పుకోవడం ఈనాటి పద్ధతి కాదు. లండనులో 1853లో ఇటువంటి సంఘమొకటి పుట్టింది. మరుసటి సంవత్సరమే, 1854లో, బొంబాయిలో ఒకటి, 1856లో కలకత్తాలోను మద్రాసులోను ఒక్కొక్కటి ఏర్పడ్డాయి. మద్రాసు సంఘానికి మూలపురుషుడు అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు. మద్రాసు చిత్రకళా పాఠశాలను మొదలుపెట్టినదీ ఆయనే. అప్పట్లో మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణంగా మద్రాసు రాజధానిలోనే ఉండేది. కాబట్టి ఈ పని మన వాకిటి దగ్గరే నూట అరవై ఏళ్లకు పైగా జరుగుతూ ఉందన్నమాట. 1953లో మన దేశంలోని ఇటువంటి సంఘాలన్నిటికీ కలిపి భారత ఫోటోగ్రఫీ సమాఖ్య ఏర్పడింది.

ఈ సంఘాలవారు పోటీలు పెడతారు. వాటిని సెలూన్లు అంటారు, మన మంగలి సెలూను కాదు. ముగ్గురో అంతకన్న ఎక్కువమందో న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. ఫోటో తీసినవారి పేరు వారికి తెలియనివ్వరు. ఫోటో మాత్రమే ముందుకు వస్తుంది. ఎవరికి వారు మార్కులు వేస్తారు. మొత్తం కూడి, ఒక హద్దు దాటినవి ప్రదర్శనకు పోతాయి. మనిషిని కాక పనినే చూడాలని పేరును మూసిపెట్టిన ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. మనం ఊళ్లో దానికి తలకిందులుగా చేస్తాము. మొదట "ఎవరి కొడుకు?" అని అడిగి, తరువాత ఫోటో చూస్తాము.

అయితే మార్కులతో ఒక చిక్కు ఉంది. దాటినావా లేదా అనేది మార్కు చెబుతుంది. ఎందుకు దాటలేదో, వచ్చేసారి ఏం చేయాలో చెప్పదు. అది చెప్పడానికి పక్కన ఒక మనిషి కావాలి. అందుకే ఇంగ్లాండులో కొందరు పోస్టు పెట్టెల పద్ధతి పెట్టుకున్నారు. ఒక పెట్టెలో సభ్యులందరి ఫోటోలు పెట్టి పోస్టులో ఒకరి తరువాత ఒకరికి పంపుతారు. ప్రతివారూ ప్రతి ఫోటోకు తమ అభిప్రాయం కాగితం మీద రాసి, పెట్టెను పక్కవారికి పంపాలి. తిరిగి తిరిగి పెట్టె సొంతదారుకు చేరేసరికి, ఆయన ఫోటోతో పాటు పదిమంది రాసిన మాటలు ఉంటాయి. నోటితో అనేది గాలిలో పోతుంది. కాగితం మీద పెట్టేటప్పుడు మనిషి ఒక క్షణం ఆగుతాడు. నేనూ వరండాలో ఒక క్షణం ఆగి ఉంటే బాగుండేది.

మన తెలుగువారిలోనూ ఒక ఉదాహరణ ఉంది. కోరుట్లలో 1939లో పుట్టిన బండి రాజన్‌బాబు గారు హైదరాబాదులో రాజా త్రయంబక్ రాజ్ బహదూర్ గారి దగ్గర ఈ కళ నేర్చుకున్నారు. గిరిజనుల జీవితాన్ని చిత్రించి పేరు పొంది, ఇంగ్లాండులోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వారి ఫెలోషిప్ దాకా వెళ్లారు. అంతటితో ఆగక 2011లో కన్నుమూసేదాకా ఎందరికో నేర్పుతూనే ఉన్నారు. గురువు దగ్గర దిద్దించుకున్నవాడు తరువాత గురువై దిద్దాడు. ఏ విద్య అయినా ఈ దారిలోనే ముందుకు పోతుంది. దిద్దించుకోవడం ఇష్టం లేనివాడికి దిద్దే అధికారమూ రాదు.

ఇదంతా తెలుసుకొంటుంటే నాకు నిర్గమకాండము 18వ అధ్యాయము జ్ఞాపకం వచ్చింది. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చొని ప్రజల తగవులు తీరుస్తున్నాడు. మామగారైన యిత్రో వచ్చి చూశాడు. చూసిన వెంటనే తప్పు పట్టలేదు. ముందు రోజంతా చూశాడు. ఆ తరువాత, ఎందుకిలా ఒక్కడివే చేస్తున్నావని అడిగాడు. మోషే చెప్పిన జవాబు పూర్తిగా విన్నాడు. అప్పుడే ఈ పద్ధతి సరికాదని తేల్చి చెప్పాడు. ఎందుకు సరికాదో కారణం చెప్పాడు. నీవూ అలసిపోతావు, ప్రజలూ అలసిపోతారని. ఊరికే వదిలిపెట్టలేదు. వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టుకొమ్మని దారి చూపాడు. చూడడం, అడగడం, వినడం, కారణం చెప్పడం, దారి చూపడం. ఈ వరుస తప్పితే మాట చెడుతుంది. నేను నాలుగు మెట్లు ఎగరేసి ఒక్క దూకులో తప్పు పట్టడానికి వచ్చాను.

ఇప్పుడు మా యౌవనస్థులు నెలకొక శనివారం కూటమైన తరువాత ఫోటోలు తెచ్చి చూపుకుంటున్నారు. మేము పెట్టుకున్న పద్ధతులు కొన్ని చెబుతాను. ఫోటోలు తీయనివారికి కూడా పనికివస్తాయి.

మొదటిది, ఫోటో తీసినవాణ్ణి "నీవేమి చూపాలనుకున్నావు?" అని అడిగేదాకా ఎవరూ నోరు తెరవకూడదు.

రెండవది, "బాగుంది" అని ఊరుకోకూడదు, "బాగలేదు" అనీ ఊరుకోకూడదు. రెండూ ఒకటే, రెండిటితోనూ వాడు నేర్చుకునేది ఏమీ లేదు. కన్ను మొదట దేని మీదికి పోయిందో చెప్పాలి. అవ్వ ఫోటో తీశాడు, కాని కన్ను వెనకాల ఉన్న ఎర్ర బకెట్టు మీదికి పోతోంది. ఆ మాట చెబితే చాలు, వాడికి అర్థమవుతుంది.

మూడవది, లోపం చెబితే కారణమూ చెప్పాలి, దారీ చెప్పాలి. "మొకం నల్లగా వచ్చింది" అంటే సరిపోదు. వెనకాల కిటికీ ఉంది, కెమెరా ఆ వెలుతురును లెక్కలోకి తీసుకొని మొత్తాన్ని తగ్గించింది, అందుకే ముఖం నల్లబడింది. మనిషిని కిటికీ వైపు తిప్పి నిలబెట్టు అనాలి. తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టు వచ్చిందా? రెండడుగులు పక్కకు జరగమనాలి. ఫోటో అదిరిందా? వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, ఆ లోగా చెయ్యి కదులుతుంది, మోచేతులు గోడకు ఆనించి తీయమనాలి. ఫోనును ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదిగా వస్తుంది, వెనక్కు జరగమనాలి. అన్నీ మసకగా వస్తున్నాయా? ముందు ఫోను వెనక ఉన్న అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవమనాలి. సగం జబ్బులకు ఆ గుడ్డే మందు.

నాలుగవది, ఒకసారికి ఒక్క లోపమే. పది లోపాలు ఒకేసారి చెబితే వాడు పదకొండో ఫోటో తీయడు.

ఐదవది, వాడు మార్చలేనివాటి గురించి మాట్లాడకూడదు. ఫోను పాతది, కెమెరా చౌకది అని వాడికీ తెలుసు. ఫోటోలో ఉన్న మనిషి నలుపు, బీదతనం, చిరిగిన చీర, ఇవి మన మాటకు అందేవి కావు. ఆ మనిషి మన వెనకాలే నిలబడి ఉండవచ్చు. ఆ ఉదయం నా వెనకాల నిలబడినట్టు.

ఇంతవరకు చెప్పేవారి సంగతి. వినేవారి సంగతి ఇంకా కష్టం. అది నాకు ఎలా తెలిసిందో వినండి.

రెండో కూటానికి నేనూ ఒక ఫోటో తెచ్చాను. చెరువు దగ్గర జరిగిన బాప్తిస్మములది. బాగా వచ్చిందని నాకు లోపల కొంచెం గర్వమే. మన పిల్లవాడు, ఆ చేతుల ఫోటో తీసినవాడే, పద్ధతి ప్రకారం మొదట నన్ను అడిగాడు. చెప్పాను. తరువాత మెల్లగా, "అయ్యగారూ, మనుషులు బాగుండారు. కానీ చెరువులో నీళ్లు ఒక పక్కకు పారిపోతా ఉండాయి" అన్నాడు. చూస్తే నిజమే. కెమెరా వంకరగా పట్టాను, నీటి గీత ఏటవాలుగా వచ్చింది. పిల్లలు నవ్వు ఆపుకున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. "నేను నీళ్లలో నిలబడి తీసినాను, కాలు జారుతా ఉండింది" అని వెంటనే అన్నాను. ఎవరూ మారు మాట్లాడలేదు. అప్పుడు నాకే వినపడింది, నేను జవాబు చెప్పడం లేదు, నన్ను నేను కాపాడుకుంటున్నాను అని. నలభై దాటిన పాస్టరుకే అంత మంట అయితే, పదిహేడేళ్ల పిల్లవాడికి వరండాలో ఎంత అయి ఉంటుంది?

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో సంగతి చూడండి. అలెక్సంద్రియ నుంచి వచ్చినవాడు, చదువుకున్నవాడు, గొప్పగా మాట్లాడగలవాడు. కాని అతనికి యోహాను బాప్తిస్మము వరకే తెలుసు. ఎఫెసులో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అతని ప్రసంగము విన్నారు. వాళ్లు డేరాలు కుట్టి బ్రతికేవారు. సమాజమందిరములో లేచి నిలబడి తప్పు ఎత్తిచూపలేదు. అతన్ని దగ్గరకు చేర్చుకొని మిగిలినది వివరించారు. అంతటి పండితుడు డేరాలు కుట్టేవారి మాట విన్నాడు. ఆ తరువాత అతడు అకయకు పోవాలనుకుంటే సహోదరులు అతన్ని ప్రోత్సహించి, అక్కడివారికి పరిచయ పత్రము కూడా రాసిచ్చారు. దిద్దినవారి పని దిద్దడంతో అయిపోలేదు. అతడు ముందుకు సాగిపోయేదాకా అతని వెంట నిలబడ్డారు.

అందుచేత వినేవారికి నేను చెప్పేది ఇంతే. వినేటప్పుడు కారణాలు చెప్పకండి. అర్థం కాకపోతే "ఎక్కడ?" అని మాత్రం అడగండి. ఒకరు చెబితే ఆలోచించండి. ఇద్దరు ముగ్గురు ఒకే చోట వేలు పెడితే అక్కడ ఏదో ఉందని నమ్మండి. చెప్పిన ప్రతి మాటా ఒప్పుకోవాలని లేదు. ఒక రాత్రి గడవనివ్వండి, తెల్లవారి చూడండి. మాట నిజమైతే అప్పటికి మంట పోయి మాట మిగులుతుంది.

నాకు ఇంటర్మీడియట్ రోజులు గుర్తొస్తున్నాయి. 1990ల నడుమ, మా బంధువుల దగ్గర ఒక హాట్ షాట్ కెమెరా అరువు తెచ్చుకొని, ముప్పై ఆరు ఫోటోల రీలు వేసి, బస్సెక్కి చిత్తూరు స్టూడియోకు పోయి కడగమని ఇచ్చేవాణ్ణి. వారం తరువాత పోతే సగం పాడై ఉండేవి. ఆ స్టూడియో ఆయన అంగట్లో ఎవరూ లేనప్పుడు నెగెటివును వెలుతురుకు ఎత్తిపట్టి, "ఎండ ఎక్కడుండాదో చూసుకో అబ్బా, ఎండకు ఎదురుగా పట్టినావు" అని ఒక్క మాట చెప్పేవాడు. పాడైన ఫోటోలు చూసి ఒక్కసారీ నవ్వలేదు. ఆయన నేర్పినది ముప్పై ఏళ్లు మోసుకొచ్చి, వరండాలో ఒక్క నిమిషంలో మరిచిపోయాను.

మన ఇళ్లలోనూ ఇంతే కదా. కూరలో ఉప్పు ఎక్కువైందని పదిమంది బంధువుల ముందు అనే భర్త, పిల్లవాడి మార్కుల కాగితం పక్కింటివారికి చూపి ఏడ్చే తల్లి, కోడలి పని మీద వ్యంగ్యం ఆడే అత్త, వీరందరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కాని చెప్పిన తరువాత ఆ మనిషి మళ్లీ పొయ్యి దగ్గరకు, పుస్తకం దగ్గరకు ఇష్టంగా పోయారా లేదా అని చూసుకోండి. పోకపోతే మన మాట నిజమైనా వాళ్లకు మేలు చేయలేదు.

గానుగలు ఆ ఏడు ఆగకముందే మన అబ్బాయి మళ్లీ పోయి వాళ్ల అమ్మ చేతులను తీశాడు. ఈసారి దగ్గరకు పోయాడు. గోతం లేదు, గడ్డం లేదు. రెండు చేతులు, వాటి మధ్య ఆవిరి కక్కే బెల్లం ఉండ. ఆ ఫోటో ఇప్పుడు మా మందిరం వరండాలో పటం కట్టి ఉంది. చూసినవారు ఎవరి చేతులని అడుగుతారు. వాళ్ల అమ్మ అక్కడే ఉంటే, చేతులు కొంగులో దాచుకొని నవ్వుతుంది.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా తాము చేసినది తెచ్చి మీ ముందు పెడితే, అది ఫోటో కానివ్వండి, ముగ్గు కానివ్వండి, పాట కానివ్వండి, ఏదైనా అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి. నీవేమి చూపాలనుకున్నావు? జవాబు పూర్తిగా వినండి. అప్పుడు చెప్పవలసినది ప్రేమతో చెప్పండి. మన నోటికి కావలి ఉంచుమని ప్రభువును అడుగుదాము.

వచ్చే నెల మళ్లీ కలుసుకొందాము. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.